అన్న చలవ

నా లాండ్రీ షాపులో ఇరవై రెండేళ్లలో ఒక్క చొక్కా మారలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు అనాలని ఉంది కానీ, గొప్ప కోసమే చెబుతున్నాను. బట్ట లోపలికి రాగానే మెడపట్టీకి గుడ్డ చీటీ కుట్టి నంబరు వేస్తాను. ఉతికేటప్పుడూ, ఆరేసేటప్పుడూ, ఇస్త్రీ పెట్టేటప్పుడూ ఆ నంబరు చూడందే బట్ట మీద చెయ్యి వెయ్యను. "అన్నీ తెల్ల చొక్కాలే కదండీ, ఏది ఎవరిదైతే ఏమైంది" అన్నాడొకాయన, పనిలో చేరిన మొదటి రోజు. అదే అతని ఆఖరి రోజు కూడా అయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కౌంటర్లో మా ఆవిడ నవ్వుతూ మాట్లాడబట్టి సరిపోయింది గానీ, నా మొహం చూసి ఎవరూ రెండోసారి రారు. బోర్డు మీద 'చలవ లాండ్రీ' అని రాయించింది కూడా ఆవిడే. చలవ చేసిన బట్ట అంటే నాలుగు మడతలూ కత్తిలా ఉండాలి, అది ఎవరిదో వాళ్లకే చేరాలి. నాకు తెలిసిన విద్య అంతే.

అలాంటి నేను జీవితంలో ఒకే ఒక్కసారి బట్ట మార్చాను. పదిహేనేళ్ల వయసులో, పొరపాటున కాదు, కావాలనే మార్చాను.

ఆ సంగతి ఇప్పుడు ఎందుకు తవ్వుకోవాల్సి వచ్చిందంటే, మా అమ్మ యుద్ధ మ్యూజియానికి తీసుకెళ్లమంది. అడగడం కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా అడుగుతూనే ఉంది. అక్కడ గాజు పెట్టెలో మా అన్న స్వెట్టర్ ఉంది.

అన్నకి పందొమ్మిది నిండగానే సైన్యం నుంచి పిలుపు వచ్చింది. వెళ్లిన నాలుగో నెలలో కొండల మీద చనిపోయాడు. తూటా తగిలి కాదు, చలికి. మంచు పడి దారి మూసుకుపోయింది, వాళ్లకి పంపిన కోట్లు కింది శిబిరంలోనే ఉండిపోయాయి, పైనున్న పదకొండు మందిలో ఏడుగురు మిగల్లేదు. వాడు వేసుకున్న స్వెట్టర్‌తో సహా వాడి సంచి మాత్రం దిగొచ్చింది. నాన్న శిబిరం ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టాడు. మ్యూజియానికి ఏమైనా ఇస్తారా అని వాళ్లు అడిగితే, సంచి మూతి కూడా విప్పకుండా మొత్తం ఇచ్చేశాడు. "ఇంటికి తెస్తే మీ అమ్మ బతకదురా" అన్నాడు నాతో. అలా ఆ స్వెట్టర్‌ని ఇంట్లో ఎవరూ మళ్లీ చూడలేదు.

ఆ ఊరు బస్సులో తొమ్మిది గంటల దూరం. నాన్న ఉన్నన్నాళ్లూ ప్రయాణం మాట ఎత్తనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక అడ్డుపడే ఉద్యోగం నాకు వచ్చింది. ఒకసారి మ్యూజియం మరమ్మతుల్లో ఉందన్నాను. ఒకసారి వానలన్నాను. ఇంకోసారి షాపులో ఉతికే మిషను పాడైందన్నాను. పాపం ఆ మిషను, నేను అబద్ధమాడిన వారానికల్లా నిజంగానే పాడైంది. మా ఆవిడ అన్ని సాకులూ విని, "మీకు ఆ ఊరంటే భయమా, బస్సంటే భయమా?" అని అడిగింది. నీళ్లు నమిలాను.

ఈసారి నీళ్లు నమలడానికి కూడా వీల్లేకపోయింది. కంటి డాక్టరు అమ్మ రెండు కళ్లలోకీ దీపం వేసి చూసి, నన్ను పక్కకి పిలవకుండా ఆవిడ ముందే చెప్పాడు. వచ్చే ఏడాదికి వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియదన్నాడు. అమ్మ తల ఊపి, చెప్పులు వెతుక్కుని లేచింది. బస్టాపులో నా చెయ్యి పట్టుకుని నిలబడి అంది:

"కళ్లుండగానే ఒక్కసారి చూపించరా బండోడా. నేను అల్లింది నాకు చూపించడానికి నీకేం పోయేకాలం?"

నన్ను ఆవిడ ఇప్పటికీ బండోడా అనే పిలుస్తుంది. అన్నని పుల్ల అనేది. వాడు పొడుగు, నేను వెడల్పు. ఊలు అల్లేటప్పుడు మా ఇద్దరి కొలతా ఒకటే వచ్చేది. "మీ ఇద్దర్నీ కలిపి పిసికి సగం చేస్తే సరైన మనుషులు ఇద్దరు వచ్చేవాళ్లు" అని నవ్వేది.

అమ్మ చేతి అల్లిక అంటే మా వీధిలో పేరు. పొద్దున్న ఇంటి పని తెమల్చుకుని కిటికీ దగ్గర కూర్చుందంటే, చూపు వీధిలో ఉండేది, సూదులు వాటి పని అవి చూసుకునేవి. అన్న చలికి పోయాడని ఆఫీసు నుంచి కాగితం వచ్చిన రోజున ఆ సూదులు పక్కింటావిడకి ఇచ్చేసింది. మళ్లీ ముట్టుకోలేదు. ఊలు సరిపోలేదేమో, మధ్యలో అల్లిక వదులైందేమో, ఇంకో పోగు కలపాల్సిందేమో. ఇదే మాట, ముప్పై ఒక్క ఏళ్లు. చలికాలంలో దుప్పటి నడుము దాకానే కప్పుకుంటుంది. పైకి లాగితే మళ్లీ కిందికి తోసేస్తుంది. ఎందుకమ్మా అంటే, "నాకేం చలి లేదురా" అంటుంది. చేతులు మాత్రం మంచుగడ్డల్లా ఉంటాయి.

వాడు రాసిన ఉత్తరం ఒకటే చేరింది. అందులో మూడు వాక్యాలున్నాయి. "అమ్మా, స్వెట్టర్ చాలా వెచ్చగా ఉంది. కంగారుపడకు. బండోడికి చెప్పు, బాగా చదువుకొమ్మని." అమ్మకి ఈ ఉత్తరం ఓదార్పు కాలేదు. "నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధం రాశాడురా. నా అల్లిక వాణ్ని కాయలేదని వాడికి అప్పటికే తెలుసు" అంటుంది.

వాడు రాసింది అబద్ధమే. కానీ అది అమ్మని కాపాడ్డానికి రాసిన అబద్ధం కాదు. నన్ను కాపాడ్డానికి రాసింది.

జరిగింది ఇది. అమ్మ నాకు అంతకు ముందు ఏడాది ముదురాకుపచ్చ ఊలుతో ఒంటిపోగు స్వెట్టర్ అల్లింది. అన్నకి పిలుపు రాగానే అదే ఊలు తెచ్చి, రెండు పోగులు కలిపి, లావు సూదులతో జంటపోగు అల్లడం మొదలుపెట్టింది. మూడు వారాలు నా మొహం చూడలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా వాడి భుజాల కొలత గురించే మాట్లాడేది. రెండూ ఒకే రంగు, ఒకే కొలత. ఉతుకులో మారిపోతాయని కింది అంచు దగ్గర నాదానికి ఒక ఉబ్బు గీత, వాడిదానికి రెండు గీతలు పెట్టింది. నా గుడ్డ చీటీలకీ నంబర్లకీ అమ్మ గీతలే మూలం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వాడు బయల్దేరే రోజు పొద్దున్న అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "బండోడా, ఆ స్వెట్టర్ మడిచి వాడి సంచిలో పెట్టు." రెండూ మంచం మీదున్నాయి. నేను నాది మడిచాను. అంచు లోపలికి పోయేలా మడిచి సంచి అడుగున పెట్టాను. వాడిది నా పెట్టెలోకి తోసేశాను. మర్నాడే నేను హాస్టలుకి వెళ్లిపోవాలి. వాడు రెండు రోజుల్లో కనిపెట్టి, "ఒరేయ్ దొంగా" అని రాస్తాడు, నేను తిరిగి పంపిస్తాను, సెలవుల్లో కలిసినప్పుడు నా వీపు విమానం మోత మోగిస్తాడు, అంతటితో అయిపోతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు. మూడు వారాల అసూయ తీర్చుకున్నాను, అంతే. నా స్వెట్టర్ ఏదిరా అని అమ్మ అడిగితే హాస్టల్లో పోయిందన్నాను. నాలుగు తిట్టి ఊరుకుంది.

వాడు దొంగా అని రాయలేదు. వెచ్చగా ఉందని రాశాడు. అమ్మ ఆ ఉత్తరంలో మాట నాకు చేరవేసినప్పుడు, సరే, వెచ్చగానే ఉందట కదా అని నమ్మేశాను. నమ్మడం నాకు అనుకూలంగా ఉంది.

ఒక్క స్వెట్టర్ వల్ల మనిషి బతుకుతాడా? మందపు బనీన్లు వేసుకున్నవాళ్లు కూడా ఆ ఏడుగురిలో ఉన్నారట. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్క లేదు. ప్రతిసారీ నాకు నచ్చిన జవాబు దొరికేది. అది మర్నాటిదాకా కూడా నిలిచేది కాదు.

ప్రయాణం బాధ్యత మా అమ్మాయి నెత్తిన వేసుకుంది. కాలేజీ రెండో ఏడాది. మేం చిట్టి అంటాం, మనిషి మాత్రం చిట్టిది కాదు, పట్టుకుంటే వదలదు. కాగితం తీసి చిట్టా రాసింది. మందులు, కళ్లద్దాలు, మెత్తటి చెప్పులు, నీళ్లు. పక్కన బస్సు టైము. కింద 'సీట్లు మూడు' అని రాసి గీత గీసింది. నాన్నమ్మకి కిటికీ పక్కన, తనకి మధ్యలో, నాకు నడవా వైపు.

"నాకు షాపులో పనుందే. నువ్వూ నాన్నమ్మా వెళ్లి రండి" అన్నాను.

"నాన్నా, నువ్వు రాకపోతే నాన్నమ్మ రాదు. ఎన్నేళ్లు తప్పించుకుంటావు?"

"తప్పించుకోవడమేంటి? నోరు మరీ పెద్దదవుతోంది నీకు."

"అరవకురా దాని మీద" అంది అమ్మ. "వాడి వస్తువు చూడాలంటే వీడికి గుండె దడే. చిన్నప్పట్నుంచీ అన్నంటే ప్రాణం."

ఆ మాట నిజం. నిజమైన మాట అంత గుచ్చుకుంటుందని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి వచ్చేసరికి చిట్టి మ్యూజియానికి ఫోన్ చేస్తోంది. అమ్మకి వినపడాలని స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచింది. అవతల ఎవరో ఉద్యోగిని, మెత్తగా మాట్లాడుతోంది. మెట్లు ఎన్ని, చక్రాల కుర్చీ ఇస్తారా, గదిలో కూర్చోడానికి బల్ల ఉందా అని చిట్టి వరసగా అడిగింది. అన్నీ ఉన్నాయని చెప్పిందావిడ. గదిలో వెలుతురు మాత్రం తక్కువట. ఎక్కువ వెలుగు తగిలితే పాత ఊలు పాడవుతుందట.

"వెలుతురు తక్కువైతే నాకేం కనపడుతుందమ్మా" అంది అమ్మ ఫోన్ వైపు వంగి. "చేత్తో ముట్టుకోనిస్తారా?"

"గాజు పెట్టెలో ఉంటుందండీ. మీరు..."

"వాళ్ల అమ్మని. అల్లింది నేనే."

అవతలి గొంతు ఇంకా మెత్తబడింది. "మా పైవాళ్లని అడిగి చెబుతానమ్మా. తప్పకుండా అడుగుతాను. ఏ స్వెట్టరో ఒకసారి సరిచూసుకుంటాను, అక్కడ కార్డు మీద ఉన్న మాటలు నా దగ్గర రిజిస్టర్లో ఉన్నాయి, చదువుతాను, సరేనా?"

"అవన్నీ ఇప్పుడెందుకు, వెళ్లాక చూసుకుంటాం" అన్నాను. ఫోన్ తీసుకోబోయాను.

"ఉండరా" అంది అమ్మ. నా చేతిని పక్కకి తోసింది.

ఆవిడ చదివింది. "కొండల్లో చలికి మరణించిన పందొమ్మిదేళ్ల సైనికుడు ధరించిన పలుచని స్వెట్టర్. తల్లి ఇంట్లో అల్లినది."

అమ్మ తల కొంచెం పక్కకి వాల్చింది. సరిగ్గా వినపడనప్పుడు అలా చేస్తుంది. కానీ ఈసారి వినపడింది.

"పలుచనా?"

"అలాగే రాసుందమ్మా."

"పలుచన కాదమ్మా. నేను జంటపోగు అల్లాను. నిలబెడితే నిలబడేంత మందం." అని ఆగింది. "నా కోసం ఒక్క పని చేస్తావా తల్లీ? ఆ గదిలోకి వెళ్లి కింద అంచు చూసి రా. ఉబ్బెత్తుగా గీతలుంటాయి. ఎన్నున్నాయో చూడు."

ఫోన్ అక్కడ పెట్టేసి వెళ్లిన చప్పుడు వినపడింది. దూరంగా ఎవరివో అడుగులు, తలుపు మూసిన చప్పుడు. అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. చిట్టి నా వైపు చూసి, "నాన్నా, నీకు చెమటలు పడుతున్నాయి" అంది. లేచి ఫోన్ కట్ చేయొచ్చు. లైను పోయిందనొచ్చు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఉంది నాకు, ఇంకో సాకు దొరక్కపోదు. కానీ లేవలేదు.

"అమ్మా, చూశానండీ. ఒకటే గీత."

"రెండుండాలమ్మా."

"చుట్టూ తిరిగి రెండుసార్లు చూశాను. ఒక్కటేనండీ."

"మంచిదమ్మా. నీకు శ్రమ ఇచ్చాను" అంది అమ్మ.

చిట్టికి కోపం వచ్చింది. కోపంలో అది అచ్చం నా పోలికే. "మార్చేసుంటారు నాన్నమ్మా. ఎవరిదో తెచ్చి పెద్దనాన్నదని పెట్టారు. ఇన్నేళ్లుగా ఎవరి స్వెట్టర్ చూపిస్తున్నారో ఏంటో. నేను ఉత్తరం రాస్తాను, వదలను."

"మారలేదే" అంది అమ్మ. "ఆ ఒక్క గీత కూడా నాదే."

అప్పుడు ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమైతే బాగుండేది, వెంటనే నోరు తెరిచేవాణ్ని.

"పిచ్చివెధవ. మార్చుకుని వెళ్లిపోయాడు. తమ్ముడిది ఒంటిపోగు, హాస్టల్లో వణికిపోతాడని, మందపుది వీడికి వదిలేసి వీడిది పట్టుకుపోయాడు. నాకు చెబితే ఒప్పుకోనని చెప్పకుండా వెళ్లాడు. అందుకే వెచ్చగా ఉందని రాశాడు. నా అల్లిక కాదే వాణ్ని చంపింది. నా అల్లిక వాడు వేసుకోనేలేదు." నా వైపు తిరిగి తడుముకుంటూ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు హాస్టల్లో పారేసుకున్నానన్నావే, ఆ స్వెట్టర్ అదేరా. నీకు తెలీదు పాపం."

ఎంత బాగా సర్దేసిందో చూడండి. ఒక్క ముక్క కూడా మిగలకుండా అన్నీ అతికిపోయాయి. ఆవిడ తప్పు లేదు, నా తప్పు లేదు, వాడు దేవుడయ్యాడు. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. అందులో నన్ను మించినవాడు లేడు.

"రాసుకోవే చిట్టీ" అంది అమ్మ. "వెళ్లాక వాళ్లకి చెప్పాలి. ఆ కార్డు మార్చమనాలి. తమ్ముడి కోసం తన వెచ్చటి స్వెట్టర్ ఇచ్చేసి వెళ్లిన అన్న, అని రాయమనాలి. అందరూ చదవాలి."

చిట్టి కళ్లు తుడుచుకుని, మందులు, చెప్పులు, నీళ్లు అని రాసిన కాగితం మీదే, 'సీట్లు మూడు' కింద, 'కార్డు మార్చాలి' అని రాసింది.

అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. కింద కూర్చోబెట్టుకుని నా తల మీద చెయ్యి వేసింది. జుట్టు ఊడిపోయిన చోట వేళ్లతో మెల్లగా నిమిరింది.

"ఏడవకురా. నువ్వు ఇలా ఇల్లూ వాకిలీ, పెళ్లాం పిల్లా, షాపూ పెట్టుకుని బతికి ఉన్నావంటే, అంతా మీ అన్న చలవేరా" అంది.

చలవ. రోజుకి నలభైసార్లు వినే మాట. షాపు తలుపు మీద రాసుకున్న మాట. అది నా మీద చన్నీళ్లలా పడింది. దొంగిలించినదాన్ని బహుమానం చేసి, నా తల నిమురుతూ ఇస్తోంది అమ్మ. అది పుచ్చుకుంటే నేను మనిషిని కాను. పుచ్చుకోకపోతే ఆవిడ ఇప్పుడే నవ్విన నవ్వు పోతుంది.

"వాడు వదల్లేదమ్మా" అన్నాను. "ఆ సంచి సర్దింది నేను."

ఆవిడ చెయ్యి నా తల మీదే ఆగిపోయింది.

చెప్పాను. మంచం మీద రెండు స్వెట్టర్లు, అంచు లోపలికి పోయేలా నేను మడిచిన మడత, పెట్టెలోకి తోసిన తీరు, హాస్టల్లో పోయిందన్న అబద్ధం, మిషను పాడైందన్న అబద్ధం, అన్నీ చెప్పాను. చిట్టి గోడకి ఆనుకుని నిలబడి నన్నే చూస్తోంది. నా కూతురు నన్ను అలా చూడ్డం అదే మొదటిసారి.

అంతా అయ్యాక అమ్మ చెయ్యి తీసేసింది. "అదెక్కడుంది?" అని అడిగింది.

షాపుకి వెళ్లాను. వెనక గదిలో, ఎవరూ తీసుకెళ్లకుండా ఉండిపోయిన బట్టలు వేలాడదీసే కడ్డీ ఉంది. ఊరొదిలిపోయినవాళ్ల కోట్లు, చీటీ పారేసుకున్నవాళ్ల ప్యాంట్లు, పెళ్లి ఆగిపోయిన ఎవరిదో సూటు. వాటి చివర, గోడ వైపు, కవర్లో అది ఉంటుంది. నా షాపులో నంబరు లేని బట్ట అదొక్కటే. ఏటా చలికాలం ముందు చేత్తో ఉతికి, నీడలో ఆరబెట్టి, మళ్లీ కవర్లో పెడతాను. మా ఆవిడ ఎవరిదని అడిగితే పాత కస్టమర్‌ది, వస్తాడేమో అన్నాను.

తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. కళ్ల దగ్గరికి తీసుకోలేదు. వేళ్లతో కింది అంచు పట్టుకుని చుట్టూ తడిమింది. ఒక గీత, రెండో గీత. గోటితో అల్లికలో ఒక కన్ను వదులు చేసి, రెండు పోగులూ విడదీసి చూసుకుంది. మెడ, భుజాలు, చేతుల కుట్లు, అన్నీ తడిమింది. ఆ వేళ్లు ఒక్కచోట కూడా తడబడలేదు. చాలాసేపటికి తల ఎత్తింది.

"వెచ్చగా ఉండేదా?" అని అడిగింది.

ఏ ప్రశ్నకైనా సిద్ధంగా ఉన్నాను గానీ, దానికి లేను.

"ఉండేదా? నువ్వు వేసుకున్నావుగా. నీకొక్కడికే తెలుసు."

"ఉండేదమ్మా. హాస్టల్లో కిటికీ పక్క మంచం నాది. అద్దం పగిలిపోయి గాలి వచ్చేది. అయినా చెమట పట్టేది. చాలా వెచ్చగా ఉండేది."

"అయితే బాగానే అల్లాను" అంది.

స్వెట్టర్ మొహానికి అదుముకుంది. ఏడుపు బయటికి రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేను దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడు నువ్వు పదిహేనేళ్లవాడివిరా" అంది, స్వెట్టర్ మళ్లీ ఒళ్లోకి దించుకుని. "పిల్లచేష్ట. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. కానీ నాకు రోజూ కనపడుతూ, నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే పక్కనే కూర్చుని వింటూ, దుప్పటి పైకి లాగుతూ ఉన్నావు చూడు. అది పిల్లాడు కాదు. అది నువ్వు."

నేను ఖాళీ కవరు తీసి నాలుగు మడతలు పెట్టాను.

"చిట్టీ" అని పిలిచింది. "సీట్లు మూడు కాదే. రెండు."

చిట్టి కాగితం తీసి మూడుని కొట్టేసింది. కింద రాసిన 'కార్డు మార్చాలి' దగ్గర పెన్ను పట్టుకుని ఆగింది. "ఇదేం చెయ్యను నాన్నమ్మా?"

"ఉంచు. జంటపోగు స్వెట్టర్ ఇదీ అని చెప్పి, అక్కడున్నదాని పక్కనే ఇదీ పెట్టమంటాను. ఏం రాస్తారో వాళ్లిష్టం."

ఆ తర్వాత ఐదు రోజులు అమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, మందు ఇస్తే మింగింది. మంగళవారం మ్యూజియం ఆవిడ ఫోన్ చేసింది. పైవాళ్లు ఒప్పుకున్నారట, తల్లిగారి కోసం ఐదు నిమిషాలు పెట్టె తెరుస్తారట. ఆ మాట అమ్మ చిట్టితో చెప్పుకుంది, నాతో మాత్రం చెప్పలేదు, నాకు చిట్టి ద్వారా తెలిసింది. మా ఆవిడకి నేనే అంతా చెప్పాను. ఆవిడ షాపు వెనక గదిలోకి వెళ్లి, కడ్డీ మీద ఖాళీ అయిన చోటు వైపు మిగతా బట్టలన్నీ జరిపింది.

బస్సు శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి. అమ్మ పొద్దున్నే లేచి సంచి తనే సర్దుకుంది. కళ్లు సరిగా ఆనవు, చిట్టి సాయం చేస్తానన్నా వద్దంది. ఒక్కొక్కటే తడిమి పెట్టుకుంది. మందులు, మెత్తటి చెప్పులు, వాడి ఉత్తరం. అన్నిటికంటే పైన స్వెట్టర్. అంచు బయటికి కనపడేలా మడిచింది. రెండు గీతలూ పైకే ఉన్నాయి.

"దారిలో చలేస్తే వేసుకుంటావా నాన్నమ్మా?" అంది చిట్టి.

"నాకెందుకే. అది వాడిది. ఇచ్చి రావాలి."

బస్టాండు దాకా నేనూ వెళ్లాను. రావద్దని అనలేదు, రమ్మనీ అనలేదు. బస్సు వచ్చింది. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. అమ్మని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంచి అందుకోబోయాను. అలవాటు. ఎక్కడికి వెళ్లినా ఆవిడ సంచి నేనే మోస్తాను.

అమ్మ సంచిని గుండెకి ఆనించుకుని, నా చేతి కింది నుంచి పక్కకి తీసుకుంది.

"వద్దురా" అంది. "సంచి నువ్వు ముట్టుకోకు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చిట్టి ఆవిడని మెల్లగా మెట్లు ఎక్కించింది.